మేడమ్ గారికి ఫోన్

ఆ భార్యాభర్తలిద్దరూ ఒకే పరిశోధనశాలలో శాస్త్రవేత్తలు. పాలక పార్టీ గొప్పగా చెప్పుకుంటున్న కొత్త రకం గోధుమ చలిని తట్టుకుంటుందని రాసివ్వమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. మొక్కలు చలికి చచ్చిపోయాయని భార్య ఉన్నదున్నట్టు రాసింది, పత్రికలకూ చెప్పింది. ఆమె ఉద్యోగం పోయింది. వాళ్ళు అడిగినట్టే రాసిచ్చిన భర్తకు ఆమె కుర్చీ దక్కింది.

గౌరవం మాత్రం దక్కలేదు. అతని కింద పనిచేసేవాళ్ళే ఏ అనుమానం వచ్చినా ఇంటికి ఫోన్ చేసి ఆమెనడిగేవారు. ఆమె నవ్వుతూ జవాబులు చెప్తుంటే అతనికి ఒళ్ళు మండిపోయేది.

ఓ ఆదివారం ఫోన్ అతనే ఎత్తాడు. అవతల అతని సహాయకురాలు.

"మేడమ్ గారున్నారా సార్? ఆ గోధుమ గురించి..."

"లేదు. నన్నడుగు. నాకు తెలీదనుకున్నావా?"

"తెలుసు సార్. కానీ మీరు చెప్పలేరు కదా."

వెనక నుంచి భార్య చెయ్యి చాచింది. "నేను ఇంట్లోనే ఉన్నానుగా, ఇలా ఇవ్వండి."

అతను ఫోన్ ఇచ్చేసి అక్కడే నిలబడిపోయాడు. ఆమె చెప్తున్న ప్రతి ముక్కా అతనికీ తెలుసు. వాటిని ఆమె నోరారా చెప్పగలుగుతున్నందుకే అతని కడుపు రగిలిపోయింది.