ఐదో ఢావ్లో

మహబూబాబాద్ పీజీ కాలేజీలో స్వరూప ఇంగ్లీషు చెబుతుంది కానీ ఆమె చెప్పేది కథలూ కవిత్వమూ కాదు. సోషియాలజీ, చరిత్ర, ఎకనామిక్స్ చదివే పిల్లలు ఆఖరి ఏడాది ఇంగ్లీషులో ఒక ప్రాజెక్టు రాసి ఇవ్వాలి. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన వాళ్లతో యాభై పేజీల ఇంగ్లీషు రాయించడం ఆమె పని. ఏడేళ్లుగా పార్ట్‌టైమ్ లెక్చరర్‌గానే ఆ పని చేస్తోంది.

ఏ ఏడాదైనా మొదటి పాఠం ఒకటే.

"నేను అనే మాట రాయొద్దు. నేను చూసిన, నేను విన్న అని రాస్తే పరిశోధన కాదు. చూడబడింది, వినబడింది అని రాయాలె. తప్పదనుకుంటే పరిశోధకురాలు అని రాసుకోండ్రి."

పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. ఆ ఏడాది మూడో బెంచీలో కూర్చునే బానోతు సుమన కూడా రాసుకుంది. సుమనది కొత్తగూడ దాటాక అడవి అంచున ఉన్న ఒక తండా. సోషియాలజీ చదివే ఆ అమ్మాయి ఎంచుకున్న విషయం ఢావ్లో. లంబాడీల ఇళ్లలో పెళ్లయ్యాక అత్తగారింటికి బయలుదేరే ముందు పిల్ల ఒక్కొక్కరినీ పట్టుకుని పాడుతూ ఏడుస్తుంది. ఆ ఏడుపు పాటే ఢావ్లో. పెళ్లికి ముందు పెద్దవాళ్లు కూర్చోబెట్టి నేర్పుతారు. చుట్టుపక్కల నాలుగైదు తండాల ఆడపిల్లలకు ఆ పాటలు నేర్పింది సుమన తల్లి గంగి.

దసరా సెలవుల్లో సుమన తల్లిని కూర్చోబెట్టి ఫోన్‌లో నాలుగు పాటలు రికార్డు చేసుకుంది. తండ్రిని పట్టుకుని పాడేది, అన్నను పట్టుకుని పాడేది, స్నేహితురాలిది, పుట్టిన ఇంటి గడపది. ఐదోది తల్లిని పట్టుకుని పాడేది. మొదటి నాలుగూ ఎవరింట్లోనైనా ఇంచుమించు ఒకటే. ఐదోదానికి రాగం మాత్రమే అందరిదీ. మాటలు ఏ తల్లికి ఆ తల్లి తన బిడ్డ కోసం కట్టుకుంటుంది. ఆ పిల్ల ఏ వానలో పుట్టింది, ఎప్పుడు నడిచింది, దేనికి అలిగింది, అన్నీ అందులోకి వస్తాయి. సుమన అడిగితే గంగి నవ్వి తమ భాషలో చెప్పింది, అది నీ పెళ్లినాడు నేర్పుతాను, ఇప్పుడు కాదు అని. సుమన మళ్లీ అడగలేదు.

మొదటి చిత్తుప్రతి తెచ్చినప్పుడు స్వరూప ఎర్ర పెన్ను తీసింది. 'మా అమ్మ పాడింది' అన్న చోటల్లా కొట్టేసి 'ఇన్‌ఫార్మెంట్ నంబర్ వన్' అని రాసింది. సమాచారం ఇచ్చిన మనిషి అని అర్థం.

"మా యాడి పేరు గూడ రాయొద్దా మేడమ్?" లంబాడీలో యాడి అంటే అమ్మ.

"పేరొద్దు. ఆడ మనిషి, యాభై ఏండ్లు అని రాయి. చాలు."

సుమన తలూపి కాగితాలు తీసుకుపోయింది. స్వరూప తర్వాతి పిల్లవాడి కాగితాలు అందుకుంది.

డిసెంబరులో సుమన మూడు వారాలు కాలేజీకి రాలేదు. మిరప చేనులో పనిచేస్తూ గంగి కూలబడిపోయిందని హాస్టల్ పిల్లలు చెప్పారు. ముందు మహబూబాబాద్ దవాఖానకు, అక్కడి నుంచి వరంగల్‌కు తీసుకుపోయారట. ప్రాణం దక్కింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

జనవరిలో సుమన తిరిగొచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఏమీ జరగనట్టే మూడో బెంచీలో కూర్చుంది. అప్పుడు క్లాసులో నడుస్తున్నది 'పరిమితులు' అనే అధ్యాయం. ప్రతి ప్రాజెక్టు చివర అది ఉండాలి.

"మీరు ఏం చేయలేకపోయిన్రో గది దాచకుండ చెప్పాలె. సాకులు వద్దు, బతిమాలుడు వద్దు. ఉన్నది ఉన్నట్టు రాయాలె," అని స్వరూప పాఠం చెప్పింది.

ఎవరైనా అర పేజీ రాస్తారు. సుమన మూడు పేజీలు రాసింది. అన్ని వాక్యాల్లోనూ 'నేను' ఉంది. క్రియలు ఒక్కటీ సరిగ్గా లేవు. ఆ తప్పుల ఇంగ్లీషులో సుమన రాసింది ఇదీ.

'ఐదో పాట నా దగ్గర లేదు. పెళ్లినాడు నేర్పుతానంటే సరే అన్నాను. ఇంకా చాలా రోజులున్నాయి అనుకున్నాను. ఇప్పుడు మా అమ్మ నన్ను చూసి నోరు తెరుస్తుంది. శబ్దం వస్తుంది, మాట రాదు. పొద్దున ఆమెకు నేను జడ వేస్తాను. చిన్నప్పుడు ఆమె నాకు జడ వేస్తూ ఏమేమో చెప్పేది, నేను వినేదాన్ని కాదు. బస్సుకు ఆలస్యమవుతుందని తొందరపెట్టేదాన్ని. నాలుగు పాటలు నేను రోజూ వింటున్నాను. వాటిలో నా పేరు లేదు. నాకు పాట వినాలని లేదు, నా పేరు వినాలని ఉంది.'

స్వరూప ఎర్ర పెన్ను మూత తీసింది. ఎక్కడా గీత పెట్టలేకపోయింది.

సుమన గైడ్ జగపతి కూడా ఆ పేజీలు చదివాడు. కఠినుడు కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నాకూ బాధనే ఉంది మేడమ్. కానీ బయటి నుంచి ఎగ్జామినర్ వస్తడు. గిది సొంత గోస అంటడు. పిల్ల నష్టపోతది. రెండు లైన్లకు తగ్గించుమని మీరే చెప్పండ్రి," అన్నాడు.

స్టాఫ్‌రూమ్‌లో స్వరూప ఆ మాటే చెప్పింది. సుమన వాదించలేదు. "రెండు లైన్లల ఎట్ల రాయాలె మేడమ్, చెప్పండ్రి," అని నోటుబుక్కు తెరిచింది.

స్వరూప చెప్పింది, ఇన్‌ఫార్మెంట్ అనారోగ్యం కారణంగా ఐదో పాట రికార్డు చేయబడలేదు. ఇంగ్లీషులో అది ఒక్క తప్పు లేని వాక్యం. సుమన రాసుకుని మళ్లీ చదువుకుంది.

"గిది అబద్ధం గదా మేడమ్."

"ఏది అబద్ధం?"

"యాడి మంచిగున్నప్పుడే పాట లేదు. ఆమె బీమారుకు, పాటకు సంబంధం లేదు. నేను ఒక్కసారి అడిగి ఊకున్న. ఇంకోసారి అడగాల్సి ఉండె, నేనే అడగలే. ఈ లైన్ల గది లేదు."

ఏడేళ్లలో స్వరూప కొన్ని వందల 'నేను'లు కొట్టేసింది. వాటి వెనకాల ఎవరెవరు ఏమేం చెప్పుకోబోయారో ఎన్నడూ ఆగి చూడలేదు. "ఆదివారం మీ తండాకు రావొచ్చా?" అని అడిగింది. నాలుగు పాటల అనువాదం సరిచూద్దామంది. ఆమెకే తెలుసు, అది ఫోన్‌లో కూడా చేయగలిగిన పని.

ఆదివారం పొద్దున స్వరూప గూడూరు మీదుగా బస్సులో కొత్తగూడ చేరేసరికి సుమన బైకు మీద ఎదురుచూస్తోంది. బండి అన్న కల్యాణ్‌ది. భూపాలపల్లి బొగ్గు గనిలో డంపర్ నడిపే కల్యాణ్, తల్లికి ఇట్లా అయినప్పటి నుంచి బండి ఇంటి దగ్గరే వదిలేసి బస్సులో తిరుగుతున్నాడట, ఎప్పుడు దవాఖానకు పోవాల్సి వస్తుందో అని.

తండాలో సిమెంటు రోడ్డు పక్కన మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి ఘాటుకు స్వరూపకు తుమ్ములు ఆగలేదు. ఇంటి నీడలో ప్లాస్టిక్ కుర్చీలో గంగి కూర్చుని ఉంది. కుడి చేయి ఒడిలో పెట్టి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. నున్నగా దువ్వి వేసిన జడ.

సుమన తండ్రి చత్రు కుర్చీ తెచ్చి వేశాడు. "కూసోండ్రి మేడమ్. ఆమెకు అన్నీ సమజైతయి. చెప్పొస్తలేదు, అంతే."

గంగి స్వరూపను చూసి ఎడమ చేయి కొంచెం ఎత్తింది. స్వరూప ఆ చేయి పట్టుకుంది. ఇన్‌ఫార్మెంట్ నంబర్ వన్ అని తను ఎన్నిసార్లు రాసిందో ఆ క్షణంలో గుర్తొచ్చి చెయ్యి వదలబుద్ధి కాలేదు.

సుమన ఫోన్‌లో మొదటి పాట పెట్టింది. గంభీరమైన, కొంచెం జీరగా ఉన్న గొంతు వచ్చింది. గంగి ముఖం ఫోన్ వైపు తిరిగింది. తన గొంతును తనే వింటూ కదలకుండా కూర్చుంది. ఒక్కో వరుసా ఆపి సుమన అర్థం చెబుతుంటే స్వరూప రాసుకుంది. నాలుగో పాట అయిపోయింది. సుమన ఫోన్ స్వరూప చేతికిచ్చి తల్లి మూతి తుడవడానికి వంగింది.

గంగి ఎడమ చేత్తో ఆమె మెడ చుట్టి దగ్గరికి లాక్కుంది. సుమన తల తల్లి భుజం మీద ఆనింది. అప్పుడు గంగి నోట్లోంచి రాగం వచ్చింది. మాట లేదు, ఊ అనీ ఆ అనీ మాత్రమే. వంకరపోయిన పెదవి నుంచి గాలి జారిపోతుంటే రాగం మధ్యలో తెగేది. తెగిన చోటి నుంచి కాకుండా ప్రతిసారీ మొదటి నుంచి ఎత్తుకునేది. మిరపకాయలు తిరగేస్తున్న చత్రు చేతిలో కర్రతో అట్లాగే నిలబడిపోయాడు.

స్వరూప చేతిలో ఫోన్ ఉంది. రికార్డు చేయాలా వద్దా అని తటపటాయించింది. చివరికి బటన్ నొక్కింది.

ఆగిపోయాక సుమన తల ఎత్తి, "గిదేనా యాడీ? గిది నాదేనా?" అని తెలుగులోనే అడిగింది. తర్వాత తమ భాషలో మళ్లీ అడిగింది. గంగి కళ్లు మూసి తెరిచింది. నోరు కదిపింది, గొంతు నరాలు లేచాయి. మాట రాలేదు. ఆమె కుర్చీ చేతిని ఎడమ చేత్తో రెండుసార్లు కొట్టి తల పక్కకు తిప్పుకుంది.

సుమన తండ్రి వైపు చూసింది. చత్రు తల అడ్డంగా ఊపాడు. "నాకు తెల్వది బిడ్డ. గవి ఆడోళ్ల పాటలు, మేం దూరంగుంటం. నీ మీద ఏదో కడుతున్న అనుకుంట చేనుకాడ పాడుకునేది. నేను చెవి పెట్టలే." చివరి మాట ఆయన నేల చూస్తూ అన్నాడు.

సుమన బస్సు దగ్గర దిగబెట్టేటప్పుడు స్వరూప చెప్పింది. "ఆ మూడు పేజీలు అట్లనే ఉంచుదాం. తప్పులు మాత్రం దిద్దుదాం. నేను అన్న మాట తీయొద్దు."

"జగపతి సార్ ఒప్పుకుంటడా?"

"నేను మాట్లాడుత."

జగపతి అయిష్టంగానే ఒప్పుకున్నాడు. తర్వాత రెండు వారాలు మధ్యాహ్నాలు ఇద్దరూ స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఒక్కో వాక్యం సరిచేశారు. 'చెప్పేది', 'పిలిచేది' అనడానికి ఇంగ్లీషులో 'యూజ్డ్ టు' వాడాలని స్వరూప చెప్పింది.

"అంటె ఇప్పుడు లేదనా మేడమ్?"

"అవును. అప్పుడుండె, ఇప్పుడు లేదు."

సుమన రాసినదాన్ని కొట్టేసింది. "ఫిజియోథెరపీ చేపిస్తున్నం. యాడి మళ్ల నన్ను పేరుపెట్టి పిలుస్తది. పిలుస్తది అనే రాస్త."

"పక్కా అని మనకు తెల్వనిది పక్కా అని రాయొద్దు సుమనా. 'మే' అని రాయి. పిలువొచ్చు అని."

"పిలువకపోవచ్చు అని గూడ అర్థమొస్తది గదా."

"వస్తది."

సుమన 'మే' అని రాసింది. ఇన్‌ఫార్మెంట్ నంబర్ వన్ అన్న చోటల్లా స్వరూప స్వయంగా బానోతు గంగి అని టైపు చేసింది. ఆ ఆదివారం రికార్డు చేసిన మాటల్లేని రాగాన్ని ఐదో పాటగా చివర చేర్చారు.

ఏప్రిల్‌లో వైవా జరిగింది. బయటి ఎగ్జామినర్ చివరి అధ్యాయం దగ్గర ఆగాడు. ఐదో పాటకు అర్థం ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు. తెలియదు సార్ అంది సుమన. అర్థం తెలియని పాట ప్రాజెక్టులో ఎందుకు పెట్టావని అడిగాడు. సుమన మాటలు వెతుక్కుని నెమ్మదిగా, ఇంగ్లీషులోనే, అది మా అమ్మ నా కోసం పాడింది సార్ అంది. ఆయన తలూపి పేజీ తిప్పాడు. మార్కులు మాత్రం తగ్గించాడు. పరిమితుల అధ్యాయం పొడవెక్కువ, శైలి పరిశోధనకు తగదు అని రాశాడు. సుమన సెకండ్ క్లాస్‌లో పాసైంది. ఇంకో పది మార్కులు వచ్చుంటే ఫస్ట్ క్లాస్ అయ్యేది. తన మాట విని ఆ పిల్ల నష్టపోయిందని స్వరూప బాధపడుతుంటే సుమనే, "గది ఉంచమని మీరనకపోతె నేనే ప్రాజెక్టు ఇవ్వకపోయేదాన్ని మేడమ్," అంది.

జూన్ మొదట్లో సుమన ఫోన్‌లో చిన్న రికార్డింగ్ పంపింది. గంగి గొంతు. ఒకే మాట, ముద్దగా, ముక్కలుగా. నీళ్లు. లంబాడీలో అడిగింది. కింద సుమన రాసింది, 'ఇంకా నా పేరు రాలేదు మేడమ్. వస్తే పంపిస్తా.'

ఖాళీ స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని స్వరూప దాన్ని నాలుగుసార్లు విన్నది. ఐదోసారి పెట్టబోతూ ఆగిపోయింది. ఆమె అవ్వ అని పిలుచుకునే తల్లి వెంకటనర్సమ్మ పోయి పదకొండేళ్లయింది. అప్పుడు స్వరూప హైదరాబాద్‌లో ఎంఫిల్ చదువుతోంది. తల్లి అన్న మాటలు చాలా గుర్తున్నాయి. ఆ మాటల వెనక గొంతు ఎట్లా ఉండేదో అని వెతికితే ఏమీ వినపడలేదు. కళ్లు మూసుకుని వెతికింది. మాటలు తన గొంతులోనే వినిపించాయి.

జనగామలో సైకిల్ షాపు నడిపే అన్న మొగిలికి ఫోన్ చేసింది.

"అన్నా, అవ్వ గొంతు నీకు యాదికుందా?"

"ఏందే, ఏమైంది? పానం మంచిగుందా?"

"మంచిగనే ఉంది. యాదికుందా చెప్పు. నేను బడి నుంచి వస్తుంటె ఎట్ల పిలిచేది?"

అటు షాపులో ఎవరో గిరాకీ వచ్చి గాలి కొట్టమని అడుగుతున్నారు. మొగిలి ఆగమన్నాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు. పిలవబోయి ఆగిపోయినట్టు అనిపించింది.

"వస్తలేదు చెల్లె," అన్నాడు చివరికి. "నోటిదాంక వచ్చినట్టే ఉంది, వస్తలేదు. నువ్వు ఐతారం రారాదు. ఇద్దరం కూసొని యాది చేసుకుందాం."

"వస్త," అంది స్వరూప.