రెండడుగుల నేల

కేరళలో కణ్ణూరు వైపు ఆ ఊళ్ళో టీకొట్టుకీ జెండా ఉంటుంది, బస్టాపుకీ ఉంటుంది. పిల్లనిచ్చేటప్పుడు జాతకం కంటే ముందు చూసేదీ దాన్నే. బీడీలు చుట్టే కార్త్యాయనిది ఎర్రజెండా. వాగు అవతలి ఒడ్డున కొబ్బరితోట ఉన్న కుంజిరామన్‌ది మూడురంగుల జెండా. ఆసుపత్రికి బస్సు పట్టాలంటే వాగు దాటి ఆ తోట పక్కగానే పోవాలి. వానాకాలంలో నడుందాకా నీళ్ళు. చిన్న వంతెన వేయడానికి ఇద్దరూ చెరో రెండడుగుల నేల వదిలితే సరిపోతుంది.

నిరుడు పంచాయతీ మూడురంగుల వాళ్ళ చేతిలో ఉండగా కుంజిరామనే సంతకం కోసం కాగితం పట్టుకుని వచ్చాడు. కార్త్యాయని ఒళ్ళోని చేట కూడా దించలేదు.

"కమీషన్లు మింగడానికి మా నేలే దొరికిందా అన్నా? మునిగితే మునుగుతాం గానీ మీ వంతెన మీద కాలు పెట్టం."

ఆ మాట ఎర్రజెండా టీకొట్టులో వారంపాటు నలిగింది. కార్త్యాయని పొంగిపోయింది.

ఈ ఏడు పంచాయతీ ఎర్రజెండా వాళ్ళ చేతికొచ్చింది. అదే వంతెన మళ్ళీ వచ్చింది, అవే కొలతలు, అదే ఇంజినీరు. ఈసారి కార్త్యాయని అడక్కముందే నేలిచ్చేసింది. కూతురు ప్రజిత తొలి పురిటికి వచ్చి ఉంది, నెలలు నిండేది నడివానల్లో. కార్త్యాయని భయమంతా అదే. కుంజిరామన్‌ని అడగడానికి తనే వాగు దాటి వెళ్ళింది.

కుంజిరామన్ కొబ్బరికాయలు ఒలుస్తూ తలెత్తలేదు.

"కమీషన్లు మింగడానికి మా నేలే దొరికిందా చెల్లీ?"

"నిరుడు ఇస్తానన్నావుగా అన్నా!"

"నిరుడది మంచి వంతెన."

"ఇప్పుడూ అదేగా!"

"అదే అయితే నిరుడు నీకెందుకు చేదయింది?"

కార్త్యాయని మండిపడుతూ తిరిగొచ్చింది. తను కాదన్నదానికి కారణముంది, ఈయనది ఒట్టి కడుపుమంట. దారంతా అలాగే అనుకుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

వానలు ముదిరాక ఒక పొద్దున ప్రజితకు నొప్పులు మొదలయ్యాయి. కేక వినగానే కుంజిరామన్, ఆయన తమ్ముడు తమ పార్టీ ఆఫీసులోని ప్లాస్టిక్ కుర్చీతో వాగు దాటి వచ్చారు. ఇటునుంచి ఎర్రజెండా కుర్రాళ్ళిద్దరు. ప్రజితను కూర్చోబెట్టి నలుగురూ భుజాలకెత్తుకున్నారు. వాగు నడిమధ్యకు వెళ్ళాక కుర్రాళ్ళలో ఒకడికి నోరు దురద పెట్టింది.

"మీరు నేలిచ్చుంటే ఈపాటికి వంతెన మీదుండేవాళ్ళం."

"ఆ ముక్క మీ కార్త్యాయనక్కనడుగు" అన్నాడు కుంజిరామన్.

కుర్చీ అక్కడే ఆగిపోయింది. నీళ్ళు నడుముల్ని తోస్తున్నాయి.

"నన్ను ఒడ్డున పడేసి తన్నుకు చావండ్రా!" అని ప్రజిత అరిచింది. మళ్ళీ నడిచారు.

వేళకు ఆసుపత్రి చేరారు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా అదే కుర్చీలో, ఆ నలుగురి భుజాల మీదే ఇంటికొచ్చారు. కార్త్యాయని అందరికీ టీ ఇచ్చింది. కుంజిరామన్ పసిదాని వేలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"చెల్లీ, నిరుడు తప్పు నీదేనని ఒక్కమాట ఒప్పుకో. ఇవాళే సంతకం పెట్టేస్తా."

మాట కార్త్యాయని గొంతుదాకా వచ్చింది. మనవరాలి వైపు చూసింది. అంతలో టీకొట్టు గుర్తొచ్చింది, తన మాట చెప్పుకుని మురిసిన మొహాలన్నీ గుర్తొచ్చాయి.

"అది నా ఒక్కదాని మాట కాదన్నా. పార్టీ మాట."

కుంజిరామన్‌కు కోపం రాలేదు. తననడిగినా అదే చెప్పేవాడు.

"అదీ నిజమేలే" అని లేచాడు. తమ్ముడు కుర్చీ ఎత్తబోతే వద్దన్నాడు.

"ఇక్కడే ఉండనీరా. చంటిదానికి టీకాలు వేయించాలిగా."