పడవ మీద నంబరు

నూకయ్య కోసే కోతలకి సముద్రమే సాక్షి. అది నోరు విప్పదు గనక సరిపోయింది. వేసవిలో భోగాపురం దగ్గర పడిన కోనాం చేప నెలనెలా పెరిగి, దసరా నాటికి పడవని భీమిలి దాకా ఈడ్చుకుపోయిన చేపయ్యింది! దానికో ఫొటో కూడా ఉంది. చేప, పక్కన ఎనిమిదో తరగతి కూతురు అరుణశ్రీ, వెనకాల పడవ. దాన్ని నెట్టులో పెట్టమని వారం రోజులు కూతురి ప్రాణం తోడేసింది నూకయ్యే.

అలాంటి మనిషికి ఆ మధ్యాహ్నం ముద్ద దిగలేదు. గూట్లో, ఇంటికంతటికీ ఉన్న ఒకే ఫోను టింగుమన్నప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడుతోంది. నాలుగోసారికి కంచం వదిలి లేచింది.

"ఏటే, ముల్లు గుచ్చుకున్నాదా?" అన్నాడు.

పిల్ల నవ్వలేదు. నూకయ్యకి చదువు రాదు. ఫోను తెచ్చి దాని చేతిలో పెట్టాడు. "సదువు."

అరుణశ్రీ చదివింది. "నీ పేరు తెలుసు. మీ పేట తెలుసు. మీ నాన్న నంబరు నా దగ్గరుంది. నేను చెప్పినట్టు ఫొటో దిగి పంపు. గంటలోగా పంపకపోతే, నాతో కబుర్లాడుతున్నావని మీ నాన్నకి ఫోన్ చేస్తా."

నూకయ్య చెయ్యి లేచింది.

"దించు మావా సెయ్యి," అంది భార్య మరిడమ్మ, మధ్యలోకొచ్చి. "దెబ్బ పడితే ఇంక పిల్ల మనకేటీ సెప్పదు. ఆడికి కావల్సినాదీ అదే."

"మరి ఆడికి నంబరెందుకిచ్చేవే?"

"నానివ్వనేదు నాన్నా! పేరూ ఊరూ కూడా సెప్పనేదు. విజయనగరంలో తొమ్మిది సదువుతన్న అమ్మాయినన్నాడు. నమ్మీసాను."

ఏడుస్తూనే ఫొటో తెరిచి చూపించింది. చదువు లేకపోయినా నూకయ్యకి అంకెలు తెలుసు. చేప వెనకాల, పడవ చెక్క మీద, చేపలు కొనేవాళ్లకి కనబడాలని దగ్గరుండి రాయించుకున్న జానెడేసి అక్షరాలు: కూతురి పేరు, పేట పేరు, తన నంబరు.

చేపని చూపిద్దామని కూతుర్ని చూపించాడు.

"పారీయే ఆ ఫోను సముద్రంలో!"

"పారేస్తే పోలీసోళ్లకేటి సూపిస్తావు?" అంది మరిడమ్మ. "ఆడు రాసినాదాంట్లో ఒక్క ముక్క సెరపొద్దు."

నెట్టులోంచి ఫొటో మాత్రం తీయించాడు. వీధిలో ఏ బండి చప్పుడైనా, వాడే వచ్చాడేమోనని గుమ్మంలోకి పరిగెత్తి చూస్తున్నాడు. గంట కాగానే ఫోను మోగింది. కొత్త నంబరు.

"నీ కూతురేం చేస్తోందో తెలుసా?" మగగొంతు. తన ఈడు మనిషి గొంతు.

నూకయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క మాటా పెంచకుండా అన్నాడు. "తెలుసు. మా పిల్లే సెప్పింది."

అవతల ఠక్కున పెట్టేశాడు.

పోలీసు స్టేషనుకి పిలిచిన ఆటో వచ్చేలోగా, పడవకి వేయగా మిగిలిన నీలం రంగు తెచ్చి, ఒడ్డున దాని మీద నంబరు చెరిపాడు నూకయ్య, ఆ తర్వాత పేట పేరు. కుంచె కూతురి పేరు మీదికి జరుగుతుంటే అరుణశ్రీ చెయ్యి పట్టుకుంది.

"నా పేరుంచు నాన్నా."

కుంచె ఆగింది. దూరంగా బండి చప్పుడైంది. ముగ్గురూ ఒక్కసారే తల తిప్పారు.

ఆటోయే.