డిక్కీలో బోలెడు చోటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అందరికీ చెప్పుకుంటాడు. ఉంటుంది మరి. రోజంతా డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కుతుంటే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని "పర్వాలేదండీ, మెల్లగా" అని నవ్వుతూ చెప్పాలి నేను. అక్కడ మింగిన కోపం ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా. ఆ శనివారం కార్ల షోరూములో బయటపడింది.

కొన్నాళ్ళుగా మా ఇంట్లో ఆ కారు గురించి ఒకటే పాట. బూడిద రంగు, నేలకి ఆనుకుపోయినట్టుండే ఎత్తు, వెనక పొడుగాటి డిక్కీ, గుర్రుమనే పెట్రోలు ఇంజను. రేసు కారుకీ సామాన్ల బండికీ అంటు కట్టినట్టుంటుంది. ఫోనులో దాని బొమ్మ చూపించిన ప్రతిసారీ మా ఆయన "ఫ్యామిలీ కారు" అనేవాడు. మేం వాడుతున్న పాత బండిని ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి దీన్ని తెచ్చుకోవాలట. అందరం వెళ్ళి చూద్దాం, మీకు నచ్చకపోతే వద్దు అన్నాడు. నచ్చకపోవడం అనేది జరగదని అతని మొహమే చెబుతోంది. కొత్త పెళ్ళికొడుకులా తల దువ్వుకుని మరీ బయల్దేరాడు.

మా పాత బండికి అందం లేదు. ఎత్తుగా, డబ్బాలా ఉంటుంది. కానీ దాని సీటు సరిగ్గా మా అత్తయ్య నడుము ఎత్తులో ఉంటుంది. తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక ఆవిడ మళ్ళీ నడవడం నేర్చుకుంది, కర్ర పట్టుకోవడం నేర్చుకుంది, అన్నిటికన్నా కష్టపడి కారెక్కి దిగడం నేర్చుకుంది. ప్రతి గురువారం పనికెళ్తూ నేను ఆవిణ్ణి వాళ్ళ అక్కగారింట్లో దింపుతాను. ఆ పెద్దావిడకి చూపు ఆనదు. ఈవిడ వెళ్ళి పేపరు చదివి వినిపించాలి, ఇద్దరూ కలిసి లోకాన్నంతా తిట్టుకోవాలి. తలుపు మీది పిడి పట్టుకుని తనంతట తాను దిగుతుంది. చెయ్యందిస్తే ఊరుకోదు. ఎవరైనా పట్టి లేపాలంటే ఆ చోటికి వెళ్ళడమే మానేసే మనిషి. పెళ్ళిళ్ళకి అలాగే మానేసింది.

షోరూములో టై కట్టుకున్న మేనేజరొకాయన మా చుట్టూ తిరిగాడు. ఇది ఎస్టేట్ మోడల్ అని ఆయన మురిపెంగా చెబితే, "అయితే తోటలు కూడా ఇస్తారా నాయనా?" అని అడిగింది అత్తయ్య. అందరం నవ్వాం. ఆ రోజు అందరం కలిసి నవ్వింది అదొక్కసారే.

తర్వాత డిక్కీ ప్రదర్శన మొదలైంది. పెద్ద సూట్‌కేసులు పెట్టి చూపించాడు, పిల్లల సైకిల్ పెట్టి చూపించాడు, సీట్లు వాల్చి మా ఆయన్ని పడుకోబెట్టి కూడా చూపించాడు. సామాను సర్దే పనే లేదు సార్, ఎలా పడేసినా పడుతుంది అన్నాడు. మా ఆయన డిక్కీలో వెల్లకిలా పడుకుని మురిసిపోయాడు. మనుషులు కూర్చునే చోటు గురించి ఇద్దరిలో ఒక్కరూ నోరెత్తలేదు.

నడిపి చూసేటప్పుడు ముందు సీటు మేనేజరుది. వివరాలు చెప్పాలట. అత్తయ్య, నేను, మధ్యలో మా పిచ్చుక వెనక ఇరుక్కున్నాం. పిచ్చుక అంటే మా అమ్మాయి, రెండో తరగతి. అత్తయ్య మెల్లగా వంగి, ఇంక వంగలేక, చివరి జానెడూ సీట్లోకి పడిపోయింది. ఆ సీటు అంచులు ఒడ్డుల్లా పైకి లేచి ఉన్నాయి. మలుపుల్లో మనిషి కదలకుండా పట్టుకుంటాయని మేనేజరు చెప్పాడు. ఆపరేషనైన తుంటిని ఎలా పట్టుకుంటాయో నాకు పక్కనుంచే కనబడుతోంది.

మా ఆయన ఏదో మీట నొక్కాడు. ఇంజను గొంతు మారింది. రోడ్డు మీద ప్రతి గతుకూ మా వెన్నులో దిగింది. అలవాటుకొద్దీ నా కాలు కింద బ్రేకు వెతుక్కుంది. డ్రైవింగ్ స్కూలు బండిలో నా వైపూ ఒక బ్రేకుంటుంది, ఇక్కడేముంది? స్పీడ్ బ్రేకరు వచ్చిన ప్రతిసారీ పిచ్చుక మీదుగా అత్తయ్య గోళ్ళు నా మణికట్టులో దిగాయి. పిచ్చుక మొహం పాలిపోయింది. మా ఆయన అద్దంలో చూసి, ఎలా ఉందమ్మా అన్నాడు. బావుంది నాన్నా అంది అత్తయ్య. వెంటనే నమ్మేశాడు. నమ్మాలని అంత ఆత్రం ఉన్నవాడికి రుజువులెందుకు?

తిరిగొచ్చాక మా ఆయనా మేనేజరూ చెరో రెక్కా పట్టుకుని గోనెసంచిని లేపినట్టు లేపారు ఆవిణ్ణి. ఆవిడ ఎవరి మొహమూ చూడలేదు. అలవాటైపోతుంది అమ్మగారూ అన్నాడు మేనేజరు.

"మా అమ్మ సర్దుకుంటుందిలెండి," అన్నాడు మా ఆయన. "దేనికీ ఇబ్బంది పడే మనిషి కాదు."

"సర్దుకుంటానులే," అంది అత్తయ్య.

పిచ్చుక వాంతి చేసుకుంది. వాష్‌బేసిన్ దగ్గర దాని మొహం కడుగుతుంటే అత్తయ్య కర్ర చప్పుడు చేసుకుంటూ వెనకే వచ్చింది.

"అమ్మాయ్, అక్కకి ఫోన్ చేసి చెప్పు, ఇంక గురువారాలు రానని," అంది మెల్లగా. "ఫోన్లో మాట్లాడుకుంటాం. వాడి దగ్గర అనకు. ముచ్చటపడుతున్నాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు ఆవిడ మీదే. నొప్పిని నొప్పి అనడానికి ఏం రోగం? తర్వాత ఆ సర్దుకోవడం అనే మాట మీద. డిక్కీలో సామాను సర్దక్కర్లేదట, బోలెడు చోటుందట. సర్దుకోవలసిందల్లా మనుషులేనట. తర్వాత అతని మీద. తొమ్మిదేళ్ళు ఆ డబ్బా నడిపాడు పాపం, ఒక కోరిక పుట్టింది. నాకు కావాలి అని ఒక్క మాట అని ఉంటే నా కోపం సగం చల్లారేది. అలా అనలేదు. తన ముచ్చటకి మా అందరి పేరూ పెట్టాడు.

వెళ్ళి మేనేజరు దగ్గర తాళం అడిగాను. నేనూ నడిపి చూస్తాను, మా ఆయన వెనక కూర్చుంటాడని చెప్పాను. అత్తయ్య కూర్చున్న చోటే చూపించి కూర్చోబెట్టాను. పిచ్చుకనీ అత్తయ్యనీ వాకిట్లో కుర్చీల్లో ఉంచాం. అదే దారి, అదే వేగం, అవే స్పీడ్ బ్రేకర్లు. కుదుపు తెలియకుండా వాటిని దాటించడం నేర్పడమే నా ఉద్యోగం. ఆ రోజు ఆ విద్య వాడలేదు. వెనకనుంచి మొదట జోకులు వినిపించాయి, తర్వాత మూలుగులే. మేనేజరు సీటు బెల్టుని రెండు చేతులా పట్టుకున్నాడు.

వాకిట్లో ఆపి, వెనక తలుపు తెరిచాను.

"దిగండి. తలుపు పట్టుకోకూడదు. ఈ వైపు కాలి మీద బరువు మోపకూడదు."

"ఇదేం పిచ్చి, అందరూ చూస్తున్నారు," అన్నాడు.

"ఇందాక మీ అమ్మనీ చూశారు. ఆవిడ గురువారాలు మానేస్తానంటోంది, మీకు తెలుసా? మీ ముచ్చట కోసం అక్కని చూడ్డం మానేస్తుందట. మీకు ఈ కారు కావాలంటే నాకు కావాలి అని చెప్పండి. ఫ్యామిలీ అనకండి."

అతని మొహం కందగడ్డ అయింది. పంతానికి పోయి లేవబోయాడు. ఒడ్డులాంటి ఆ అంచు దాటలేక వెనక్కి పడ్డాడు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ పడ్డాడు. అప్పటికి అత్తయ్య కుర్చీలోంచి లేచి మా దగ్గరికి వచ్చింది. అతను ఆవిడ వైపు చెయ్యి చాపాడు, చిన్నప్పుడు పడ్డప్పుడల్లా చాపినట్టే.

"అమ్మా, కాస్త చెయ్యివ్వు."

ఆవిడ చెయ్యి దానంతటదే ముందుకి కదిలింది. ఆ బరువు ఆవిడ తుంటి మీదే పడుతుంది. నేను అరిచేలోపే ఆ చెయ్యి ఆగింది. కొడుకు మొహంలోకి కాసేపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని కర్ర మీద వేసింది.

"సర్దుకో నాన్నా," అంది.

గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. వెనక్కి తిరిగి, కర్ర ఆనించుకుంటూ మా పాత బండి దగ్గరికి నడిచింది. ముందు తలుపు తెరిచి, పిడి పట్టుకుని, తనంతట తాను ఎక్కి కూర్చుంది. మా ఆయన ఇంకా ఆ సీట్లోనే ఉన్నాడు.