యూరియా గదిలో ప్రింటర్

మా నాయన పద్మనాభయ్య ఒక మాట అన్నాడంటే ఇక దేవుడొచ్చినా మార్చలేడు. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల నీ అంగట్లో బోణీ కావాల. కాకపోతే ఆ గదిలో నా యూరియా దిగతాది," అన్నాడు.

ఆ గది మనుబోల్లో మా ఇంటి ముందు భాగం. ఇరవై ఏళ్ళుగా ఎరువు బస్తాలకే అంకితం. దాన్ని నేను మూడు రోజులు కడిగి, సున్నం వేసి, నా పేరుతో "వినీల కలర్ ప్రింట్స్" అని బోర్డు కట్టాను. శుక్రవారం తెల్లవారేసరికి బోర్డు ఎదురుగా యూరియా ట్రాక్టరు నిలబడి ఉంది. సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. నాయన మడ్‌గార్డు మీద కూర్చుని ఒకసారి ఆకాశాన్ని, ఒకసారి నన్ను చూస్తున్నాడు. తడిస్తే యూరియా నీళ్ళయిపోతుంది, ఆయన బాధ ఆయనది. కానీ నాకూ కోపం ఉండదా? గూడూరులో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకున్నది బస్తాలకు కాపలా కాయడానికి కాదు కదా!

బేరం కూడా చేతిలో ఉంది. మా ఊరి బడి హెడ్‌మిస్ట్రెస్ అబిగయీలు టీచరమ్మ ఆటల పోటీలకు ముప్పై ప్రశంసాపత్రాలు చెప్పింది. రంగుల్లో, పైన నెమలి బొమ్మతో. పదకొండున్నరకు వచ్చి తీసుకుంటానంది.

అసలు తప్పు అంతకు ముందు రోజే జరిగింది. నెల్లూరు అంగడిలో ప్రింటరు కొంటే, దాని నాలుగు తొట్టెలకూ ఇంకు నింపి, ఒక గులాబీ పువ్వు బొమ్మ ప్రింటు తీసి చూపించి, "తిన్నగా తీసుకుపోండి, వంచబాకండి," అని మరీ చెప్పారు. నాయన బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చి ప్రింటరును పక్కకు పడుకోబెట్టి, బైకు మీద తనకూ నాకూ మధ్య పెట్టి, ట్యూబు ముక్కతో బిగించాడు.

"నాయనా, వంచొద్దన్నారు గదా?"

"ఇరవై ఏండ్లుగా బోరు మోటారు ఇట్నే కట్టి తెస్తా ఉండా. దానికేమన్నా అయిందా?"

వెనక ఎక్కి కూర్చున్నాను. అదే నా తప్పు. వెంకటాచలం దగ్గర టీకి దిగితే జనం నాయన వెనక వైపు చూసి నవ్వుకున్నారు. ఇంటికొచ్చాక గానీ మాకు అర్థం కాలేదు. తెల్ల పంచె వెనక భాగమంతా కారిన ఇంకే, నీలం, నలుపు. నాయన తల్లి, మా జేజి వెంకటశేషమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఏరా పద్మనాభా, ఎవురి పెండ్లిలో వసంతాలాడి వచ్చినావు?"

శుక్రవారం పొద్దున జేజి ప్రింటరుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. కాగితం పోయే సందులో నిమ్మకాయ పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. స్వామికి దండం పెట్టి మీట నొక్కాను. మొదటి పత్రం బయటికొచ్చింది. నెమలి పసుపుపచ్చగా ఉంది. పేర్లూ అక్షరాలూ అసలే లేవు.

"బాగుండాది గదే, బంగినపల్లి మామిడికాయ మాదిరి," అంది జేజి.

ఇంకు కొంచెం లాగి లోపల శుభ్రం చేసే హెడ్ క్లీనింగ్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. మూడోసారీ నొక్కాను. మామిడికాయ మామిడికాయలాగే వచ్చింది. కంపెనీకి ఫోను చేస్తే సోమవారం మనిషిని పంపుతామన్నారు. సోమవారానికి ఇక్కడ యూరియా తప్ప ఇంకేం ఉంటుంది! గడియారం పదకొండు దాటింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, స్టూలు మీద కూర్చుని చున్నీతో ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

నాయన ట్రాక్టరు దిగి వచ్చాడు. నా వైపు చూడలేదు. ప్రింటరు మూత ఎత్తి లోపలికి వంగాడు.

"ఈ సన్న పైపులేంది?"

"రంగు పోయే పైపులు."

"నీలం పైపులో నడాన ఖాళీ ఉండాదే? నల్లదాంట్లో కూడా."

చూశాను. నిజమే. రంగు కొంత, ఖాళీ కొంత, మళ్ళీ రంగు. నాయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ఓసి పిచ్చిమొగమా, దీనికి గాలి పట్టింది! మన బోరు మాదిరే. మోటారు తిరగతాది, నీళ్ళు రావు. నువ్వు గుక్కెడు గుక్కెడు లాగతా ఉండావు, అట్ట పోదు గాలి. తొట్టి నింపి, ఒక్కసారి గట్టిగా లాగించు."

గట్టిగా లాగే మీట ఒకటుంది. ఇంకు బాగా తాగుతుందని భయపడి నేను దాని జోలికి పోలేదు. సీసాల్లో మిగిలిన ఇంకంతా తొట్టెల్లో పోశాను. కళ్ళు మూసుకుని నొక్కాను.

ప్రింటరు మూలిగింది, గురగురలాడింది. నాయన, జేజి, అప్పుడే వచ్చిన అబిగయీలు టీచరమ్మ, ట్రాక్టరు తోలే పెంచలకృష్ణ, అందరం తలలు కలిపి పైపుల మీదికి వంగాం. నీలం ఒక అంగుళం జరిగింది. ఆగింది. ఇంకో అంగుళం.

"వస్తా ఉండాది... వస్తా ఉండాది..." అన్నాడు నాయన. ఖాళీ అంతా నిండిపోయింది. "వచ్చెరా! పడెరా!" అని ఆయన వేసిన కేకకు, ఎవరి బోరులోనో నీళ్ళు పడ్డాయనుకుని బస్టాపులో జనం పరిగెత్తుకొచ్చారు. జేజి కొబ్బరికాయ పట్టుకుని ప్రింటరు మీదికే దూకింది.

"బయట కొట్టు జేజీ, బయట!"

నెమళ్ళు ఒకదాని వెనక ఒకటి నీలం మెడలు సాచుకుని దిగాయి. నాకు నవ్వాగలేదు. టీచరమ్మకూ ఆగలేదు. బస్టాపు వాళ్ళకు విషయం తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు. ముప్పై పూర్తయ్యేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలుంది, దూరంగా ఉరిమింది. టీచరమ్మ పర్సు తెరిచింది.

నాయన అడ్డం వచ్చాడు. "ఆగండి టీచరమ్మా. బోరు మొదటి నీళ్ళు ఇంటోళ్ళ దోసిట్లో పడాల. బోణీ నాది." నా వైపు తిరిగాడు. "నే చెప్పేది కొట్టు అమ్మణ్ణీ. పెద్దచ్చరాల్లో."

ఆయన చెబుతుంటే కొట్టాను. సగంలో కళ్ళు మసకలయ్యాయి, రెండుసార్లు చెరిపి కొట్టాల్సి వచ్చింది. ప్రింటు తీసి ఇచ్చాను. నా చేతిలో పది రూపాయలు పెట్టి, ఇంట్లోంచి రెండు అన్నం మెతుకులు తెచ్చుకుని, కాగితాన్ని తలుపుకు అంటించాడు.

"ఈ గదిలో యూరియా బస్తాలు పెట్టరాదు. ఇట్లు, పద్మనాభయ్య."

చినుకులు మొదలయ్యాయి.

"పెంచలకృష్ణా, బస్తాలు నా పడకగదిలో దించరా!"

"మరి నువ్వు యాడ పండుకుంటావురా?" అంది జేజి. నాయనకు వినపడలేదు. కాగితం నాలుగు మూలలూ బొటనవేలితో గట్టిగా ఒత్తుతూ ఉన్నాడు.