రేకు మీది నంబరు

మాస్టారు కొన్నప్పటి నుంచీ ఆ కారు నీలమే. కానీ తలుపు సందుల్లో రంగు పెచ్చులూడిన చోట లోపల్నుంచి ఇంకేదో లేత రంగు తొంగిచూస్తోంది. రిటైరై ఇంట్లో కూర్చున్న ఆయనకి ఆ మొదటి రంగేదో తేల్చుకుని, మళ్ళీ అదే వేయించాలన్న పంతం పట్టుకుంది. అందుకే కారుని ఊరి చివర చంటి షెడ్డుకి తెచ్చారు.

చంటి అసలు పేరు కస్టమర్లెవరికీ తెలియదు. తండ్రి పెట్టిన షెడ్డు అది. ఇంజిన్ల పని ఆమె చూస్తుంది, పెయింటింగు ఆమె భర్త చూస్తాడు. ఆ పాత మోడలు కార్లంటే ఇద్దరికీ కొట్టినపిండి.

“దీనికోసం కారంతా గోకక్కర్లేదు మాస్టారూ. తయారుచేసినవాళ్ళే రాసిపెట్టారు,” అంటూ చంటి బానెట్టు ఎత్తింది.

ఇంజిను వెనక ఇనప గోడకి చిన్న రేకు ఒకటి రివెట్లతో బిగించి ఉంది. ఎన్ని పూతలు పడ్డాయో, అక్షరాలన్నీ పూడిపోయాయి. చంటి గుడ్డని థిన్నర్లో ముంచి రుద్దింది. నీలం కరిగి, ఒక్కో అక్షరమే బయటపడింది.

“ఇది మోడలు. ఈ అంకె తయారైన ఏడాది. ఇదిగో, ఈ అక్షరం రంగు. మీ కారు పుట్టుకతో మీగడ రంగు. దాని పక్కది సీట్లు. ముదురెరుపు.”

“ఎర్ర సీట్లా? నేను అందులో బడికెళ్ళుంటే పిల్లలు పెళ్ళికొడుకొచ్చాడని ఏడిపించేవాళ్ళు,” అన్నారు మాస్టారు.

చంటి నవ్వుతూనే ఆఖరి వరస తుడిచింది. అది కారు వరస నంబరు. మొదటి మూడంకెలు కనబడగానే మిగతావి చూడకుండానే నోటికొచ్చేశాయి. మిగతావీ తుడిచి చూసింది. ఒక్క అంకె కూడా తేడా లేదు.

ఆమెకి పదిహేడేళ్ళప్పుడు అన్నయ్య ఒక ఉదయం, బ్రేకులు ఎలా ఉన్నాయో చూసొస్తానని తండ్రి కారు తీసుకుని వెళ్ళాడు. మనిషీ తిరిగిరాలేదు, కారూ తిరిగిరాలేదు. తండ్రి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగాడు. ముందూ వెనకా ఉండే నంబర్లు ఎవరైనా మార్చేస్తారని, రేకు మీది నంబరు మటుకు సాధారణంగా ఎవరూ ముట్టుకోరని ప్రతిచోటా చెప్పేవాడు. మధ్యలో చెప్పలేక ఆగితే, పక్కనే ఉన్న తల్లి అందుకుని ఆ అంకెలు అప్పజెప్పేది. కారు కోసం ఎవరో తన కొడుకుని పొట్టన పెట్టుకున్నారని ఆమె నమ్మకం. తండ్రి ఆ దిగులుతోనే పోయాడు. నర్సు చదువు మధ్యలో మానేసి చంటి స్పానరు పట్టుకుంది. తండ్రి కారులాంటి మీగడ రంగువి ఆ మోడల్లో బోలెడు, అందుకే ఆ మోడలు కారు షెడ్డుకి ఎప్పుడొచ్చినా ముందు రేకు చూడటం అలవాటైపోయింది. కొన్నాళ్ళకి ఆశ పోయి అలవాటే మిగిలింది.

“మాస్టారూ, ఈ కారు మీకెవరు అమ్మారు?”

ఆమె గొంతు మారడం విని, అవతల డబ్బాలో రంగు కలుపుతున్న భర్త తలెత్తాడు.

“ఒక మెకానిక్కేనమ్మా. పొడుగాటి మనిషి. మాట్లాడుతూ ఎడమ చెవి నలుపుకుంటుండేవాడు.”

అన్నయ్య చెవి అలాగే నలుపుకునేవాడు. చంటి బానెట్టు అంచు పట్టుకుంది.

“ఎప్పటి మాట?”

“మా రెండోవాడు కాలేజీలో చేరిన ఏడు.” ఆ ఏడు ఏదో కూడా చెప్పారు. అప్పటికి తండ్రి పోయి రెండేళ్ళు.

“ఆయన... బాగానే ఉన్నాడా?”

“ఉండకేం? భార్యనీ కూతుర్నీ కూడా తీసుకొచ్చాడు. కారు ఇవ్వనని ఆ పిల్ల వెనక సీట్లో పడుకుని ఒకటే ఏడుపు. చివరికి ఎత్తుకుని తీసికెళ్ళాడు. వేరే ఊరు మారిపోతున్నామన్నాడు, ఏ ఊరో నేనడగలేదు. ఎందుకమ్మా, తెలిసినవాడా?”

“తెలిసినవాడే అనుకున్నాను,” అంది చంటి.

మాస్టారు వెళ్ళాక భర్త ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు.

“అత్తయ్యకి చెప్పకు. కొడుకు పోయాడన్న ఏడుపు ఎలాగో మింగింది. కావాలనే వదిలేసి వెళ్ళాడని తెలిస్తే తట్టుకోలేదు.”

“నాన్న స్టేషన్ల చుట్టూ తిరిగి తిరిగి పోయేనాటికి వాడు ఈ కార్లో షికార్లు కొడుతున్నాడు. ఇది కడుపులో పెట్టుకుని నేను రోజూ అమ్మ మొహం చూడలేను.”

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి తల్లి మంచం మీద బట్టలు మడతపెడుతోంది. చంటి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తల్లి నమ్మలేదు.

“నంబరు చెప్పు,” అంది.

చంటి చెప్పింది. తల్లి పెదవులు కూడా ఆమెతో పాటే కదిలాయి.

“చావలేదా?”

“అప్పటికి బతికే ఉన్నాడు.”

“నాకెందుకు చెప్పావే?” అంటూ తల్లి మడతపెట్టిన బట్టలన్నీ కిందకి తోసేసింది. “పోయాడనుకుని ఏదో ఏడ్చుకున్నాను. ఇప్పుడు ఏమనుకుని ఏడవమంటావు?”

ఆ తర్వాత చాలా రోజులు చంటితో మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, అటు తిరిగి పడుకునేది. చంటి ఆ కారు ఇంజిను జోలికి పోలేకపోయింది. పాత రంగు గోకి మీగడ రంగు వెయ్యడం మొత్తం భర్తే చేశాడు.

మాస్టారు కారు తీసికెళ్ళడానికొచ్చిన రోజు, ఎవరూ పిలవకుండానే తల్లి షెడ్డుకొచ్చింది. చంటి తండ్రి పోయాక ఆమె అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. కారుని ముట్టుకోలేదు. నేరుగా మాస్టారి దగ్గరికెళ్ళింది.

“ఆ పిల్లకి ఎన్నేళ్ళుంటాయండీ అప్పటికి?”

“ఐదో ఆరో ఉంటాయమ్మా.”

“ఎవరి పోలిక?”

మాస్టారు ఇబ్బందిగా చంటి వైపు చూశారు. “మొహం సరిగ్గా చూడలేదమ్మా. ఏడుస్తోంది కదా.”

తల్లి సరేనన్నట్టు తలూపి ఇంటిదారి పట్టింది.

చంటి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా తనకి తెలిసిన మెకానిక్కులకి ఫోన్లు చేసింది. చెవి నలుపుకునే పొడుగాటి మనిషిని చూశామన్నవాళ్ళు లేరు. రెండు నెలలకి అడగడం మానేసింది.

తల్లి మటుకు మళ్ళీ అందరితో మాట్లాడటం మొదలుపెట్టింది. ఒకరోజు పక్కింట్లో కొత్తగా దిగినావిడ, పిల్లలెంతమందని అడిగింది.

“ఇద్దరు. అబ్బాయి వేరే ఊళ్ళో ఉంటాడు. మెకానిక్కు. వాడికో కూతురు,” అంది తల్లి. “వాడికి తీరిక ఉండదు, రాలేడు పాపం.”

పెరట్లో చేతుల గ్రీజు కడుక్కుంటున్న చంటి అంతా వింది. ఆ ఇద్దరిలో రెండోదైన తన సంగతి తల్లి ఇంకా ఎత్తనేలేదు. చంటి కుళాయి కట్టేసి, అన్నం తినకుండానే తిరిగి షెడ్డుకి వెళ్ళిపోయింది.