బావగారు పెట్టిన చిల్లు

మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, ప్లంబరు. ముప్పై ఏళ్ళ అనుభవం. ఏ ఇంట్లో పని చేసినా మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడుగుతాడు: "కారుతోందా?" లేదనగానే ఫోన్ పెట్టేస్తాడు. హలో ఉండదు, ఉంటానూ ఉండదు. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా అవునన్న పాపాన పోలేదట. ఈ సంగతి ఆయన పెళ్ళిళ్ళలో చెప్పాడు, పరామర్శకి వెళ్ళినచోట చెప్పాడు, బస్సులో నా పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషిని నిద్రలేపి మరీ చెప్పాడు.

మా ఆవిడ పన్నెండేళ్ళు ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసింది. పోయిన నెల ఆయన క్లినిక్ మూసేస్తూ, వెయిటింగ్ రూములోని అద్దాల తొట్టిని, అందులోని చేపని ఆవిడకి ఇచ్చేశాడు. వేలెడంత ఉప్పునీటి చేప. నారింజ రంగు, మూడు తెల్ల చారలు. అన్నేళ్ళు వెయిటింగ్ రూములో ఉన్నా వంతు రాలేదు కాబట్టి దానికి పేషెంటని పేరు. మధ్యాహ్నం ఆవిడ టిఫిన్ బాక్సు తెరిస్తే అది అద్దం దగ్గరికొచ్చి, చివరి ముద్ద దాకా ఎదురుగా ఉండేదట. ఉద్యోగం పోయినందుకు మా ఆవిడ ఏడవలేదు. సామాను బండిలోంచి దింపుతుంటే తొట్టీ ఫిల్టరూ ముక్కలై, చేప ఒంటరిగా బకెట్లో మిగిలినప్పుడు ఏడ్చింది.

చేపల షాపాయన చూసి, బకెట్లో వారానికి మించి బతకదన్నాడు. కొత్త తొట్టి ఇచ్చి, ఫిల్టరు ఇంట్లోనే చేసుకోవచ్చని కాగితం మీద బొమ్మ గీశాడు. పైన తొట్టి, కింద నేలమీద టబ్బు. తొట్టిలో నీళ్ళు ఒక పైపులోంచి టబ్బులోకి దిగాలి. అక్కడ స్పాంజీ, గులకరాళ్ళూ దాటి శుభ్రపడితే మోటారు ఇంకో పైపులోంచి మళ్ళీ పైకి పంపుతుంది. ఇంటి మనిషే ప్లంబరు కదా అని మేం సంబరపడ్డాం. అక్కడే పప్పులో కాలేశాం.

బావగారు సంచీ దించుతూనే ఎంతమంది వాడతారని అడిగాడు. ఒకరన్నాను. స్నానానికా, వంటకా అన్నాడు. రెండూ కాదు, ఉండడానికన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి టేపు తీశాడు.

దిగిన నీళ్ళు మళ్ళీ పైకెక్కడం ఆయనకి మింగుడుపడలేదు. మురికి నీళ్ళంటూ వెళ్ళాక మళ్ళీ మొహం చూపించకూడదని ఆయన సిద్ధాంతం. సరే, చెల్లెలి మొహం చూసి ఒప్పుకున్నాడు. తాను తెచ్చిన ఇత్తడి వాల్వుని షాపులో చూపిస్తే, ఇత్తడి చేపకి విషమని షాపాయన అన్నందుకు అలిగి, అసలు వాల్వే పెట్టనన్నాడు. కిందికి దిగే పైపంటే దానికి మరుగుదొడ్డికున్నట్టు వాసన పోయే గొట్టం ఉండి తీరాలని, కిటికీలోంచి డాబా మీదిదాకా ఒక పైపు లేపాడు. వేలెడు చేపకి పది అడుగుల గొట్టం. పైపులన్నిటినీ గోడకి క్లాంపులు వేసి బిగించాడు. మూడు రోజులయ్యేసరికి మా హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళాలంటే రెండు చోట్ల వంగాలి, ఒక చోట పక్కకి తిరగాలి.

చివరి రోజు కాగితంలో ఒక బాణం గుర్తు దగ్గర పని ఆగిపోయింది. నీళ్ళు పైకి తెచ్చే పైపు తొట్టిలో మునిగేచోట, నీటిమట్టానికి బొటనవేలంత కింద, చిన్న చిల్లు పెట్టాలని రాసి ఉంది. నేను లెక్కల మాస్టారిని కాబట్టి వివరించే పని నామీద పడింది. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. అప్పుడు పైకి తెచ్చే పైపే నీళ్ళని వెనక్కి లాగి, టబ్బులో పోస్తుంది. చిల్లుంటే నీళ్ళు అక్కడిదాకా దిగగానే పైపులోకి గాలి దూరి, లాగడం ఆగిపోతుంది. బొమ్మ వేసి మరీ చెప్పాను.

"బావగారూ, చిల్లులు పూడ్చి ఇద్దరు పిల్లల్ని చదివించాను. ఇప్పుడు నా చేత్తో, మంచి పైపుకి, చిల్లు పెట్టమంటారా?" అన్నాడు.

ఆ చిల్లు తొట్టి లోపలే ఉంటుందని, కారినా నీళ్ళు నీళ్ళలోనే పడతాయని అన్నాను. నీళ్ళలో కారినా కారడం కారడమేనన్నాడు. ఆ చేపలాయన చేపలు చూసుకోవాలిగానీ పైపుల సంగతి అతనికెందుకన్నాడు. ఆయన టీకి వెళ్ళినప్పుడు నేనే డ్రిల్లింగ్ మిషన్ తీసుకుని గుట్టుచప్పుడు కాకుండా చిల్లు పెట్టేశాను. సాయంత్రం మోటారు వేశాక నీటి కింద ఆ చిల్లులోంచి సన్నటి ధార వచ్చింది. పేషెంటుని వదిలితే నేరుగా వెళ్ళి ఆ ధారకి ఎదురీదడం మొదలుపెట్టింది. మా ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. కారుతోందా అన్నాడు బావగారు. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. కొంచెం, అన్నాను. అవతల కుర్చీ పడిన చప్పుడు వినిపించింది.

నేను స్కూలుకి వెళ్ళాక ఆయన ఇంటికొచ్చాడట. చేపని చూసి పోదామని వచ్చానన్నాడట. మా ఆవిడ పొంగిపోయి టీ పెట్టడానికి వెళ్ళింది. ఆవిడ వచ్చేసరికి ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు. చిల్లుని బంకతో పూడ్చి, పైన టేపు చుట్టి, దానికి తెల్లరంగు కూడా వేశాడు. పనిలో పనిగా ఖాళీగా ఉన్న బకెట్ అడుగు కోసి, టబ్బులో స్పాంజీకి గూడు చేసి వెళ్ళాడు. గూడు బాగుందనుకున్నాంగానీ ధార ఏమైందని మాకెవరికీ తట్టలేదు. పేషెంటు మాత్రం ఆ పైపు చుట్టూ తిరుగుతూ ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం బావగారితో కలిసి ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే కరెంటు పోయింది. నిశ్శబ్దంలో నేలమీద నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది. చూస్తే టబ్బు నిండి పొర్లుతోంది, తొట్టిలో నీళ్ళు సగానికి వచ్చాయి. బావగారు కంచం వదిలేసి, ఎంగిలి చేత్తోనే ఒక్కో జాయింటూ తడిమాడు.

"ఒక్కటీ కారడం లేదు," అన్నాడు పాదాలు మునిగిన నీళ్ళలో నిలబడి. ఆ గొంతులో గర్వం విని నాకు ఒళ్ళు మండిపోయింది.

వాల్వుంటే తిప్పేవాళ్ళం. పైపు పైకి లాగుదామంటే అది ఆయన బిగించిన క్లాంపు, గోడ ఊడుతుందిగానీ అది ఊడదు. మా ఆవిడ గిన్నె పట్టుకుని చేప కోసం చేయి పెట్టింది. అది బెదిరి పైపు వెనక మూలలో ఇరుక్కుంది. ఆవిడ చేతికి అందలేదు. నీళ్ళు నాలుగు వేళ్ళకి వచ్చేసరికి పేషెంటు పక్కకి ఒరిగిపోయింది.

అప్పుడు మా ఆవిడకి పైపు మీద తెల్లరంగు కనిపించింది. అన్నయ్య వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"అన్నయ్యా, నీ పైపు బంగారం. నా చేప చచ్చిపోతోంది," అంది.

ఆయన పరుగున డ్రిల్లింగ్ మిషన్ అందుకున్నాడు. కరెంటుంటే కదా. గోడకున్న క్యాలెండరు మేకు పీకి, పటకారుతో పట్టుకుని స్టవ్ మీద ఎర్రగా కాల్చాడు. తొట్టి దగ్గరికొచ్చి, కళ్ళు మూసుకుని, తన చేత్తో, తన పైపులోకి మేకు దింపాడు. అది పైపుకి కాకుండా ఆయనకే దిగినట్టు మూలిగాడు. పైపు ఒక్కసారి గుటక వేసింది, నీళ్ళు ఆగిపోయాయి. మా ఆవిడ టబ్బులో నీళ్ళు చెంబుతో తోడి తొట్టిలో పోస్తూనే ఉంది. ఎన్నో చెంబుకో పేషెంటు తోక కదిలి నిలువుగా లేచింది. బావగారు ఆ తడి నేలమీదే చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేప బతికినందుకా, పైపు పోయినందుకా అని నేను అడగలేదు.

సోమవారం పొద్దున ఫోన్ మోగింది. మా ఆవిడ తీసి, నాకూ వినబడేలా పెట్టింది.

"కారుతోందా?"

"కారుతోందన్నయ్యా. బాగా కారుతోంది."

ఆయన పెట్టెయ్యలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, రెండో ప్రశ్న అడిగాడు.

"తిన్నదా?"

తొట్టిలో చేప ఆ ధారకి ఎదురీదుతోంది. మా ఆవిడ టిఫిన్ ప్లేటు పట్టుకుని అద్దానికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరం తింటున్నామని చెప్పింది.